పెట్టె అడుగున డచ్చి గిల్డర్లు

నెదర్లాండ్స్ నుంచి మాట్లాడుతున్నాను. ఈ వారం డబ్బు గురించి మాట్లాడమన్నారు. డబ్బంటే షేర్లు, ఇళ్ళ అప్పులు కాదండీ, చెల్లని డబ్బు. ఇంకా కచ్చితంగా చెప్పాలంటే, చెల్లదని అందరూ అనుకునే డబ్బు.

నేను 1999లో ఈ దేశం వచ్చాను. అప్పుడు ఇక్కడ గిల్డర్లు ఉండేవి. ఇక్కడివాళ్ళు "హుల్డెన్" అంటారు, ఆ మొదటి అక్షరం గొంతులోంచి గరగరలాడుతూ రావాలి, మనకి ఓ పట్టాన రాదు. 2001 డిసెంబరులో ప్రభుత్వం ఒక్కొక్కరికీ ఒక చిన్న యూరో నాణేల సెట్టు ఉచితంగా ఇచ్చింది. ఎనిమిది రకాల నాణేలూ ఒక్కొక్కటి, కలిపి 3 యూరోల 88 సెంట్లు. అప్పటి ఆర్థిక మంత్రి హెరిట్ జాల్మ్ పేరుమీద దాన్ని జనం "జాల్మ్ కిట్టు" అనేవారు. 2002 జనవరి 1న యూరో నోట్లు చేతికొచ్చాయి. ఆ నెల 28 నుంచి గిల్డర్ చెల్లడం మానేసింది. నాలుగు వారాలు దుకాణాల్లో రెండు రకాల డబ్బూ కలగాపులగంగా నడిచింది. మారకం రేటు ఒక్కటే, ఇప్పటికీ అదే: ఒక యూరోకి 2.20371 గిల్డర్లు.

సరే, ఇప్పుడెందుకు ఈ పాత కథ అంటారా? ఎందుకంటే అప్పట్లో ఓడల్లో పనిచేసినవాళ్ళు, కంపెనీ పనిమీద వచ్చి వెళ్ళినవాళ్ళు, ఆమ్‌స్టర్‌డామ్ విమానాశ్రయంలో నాలుగు గంటలు కూర్చుని చిల్లర మిగుల్చుకున్నవాళ్ళు మనలో చాలామందే ఉన్నారు. ఆ నోట్లు ఎక్కడికీ పోలేదు. బీరువా అడుగున, పాత పాస్‌పోర్టుల మధ్య, బిస్కెట్ డబ్బాల్లో ఉన్నాయి.

విశాఖపట్నంలో మాకు పిన్ని వరసయ్యే ఒకావిడ ఉన్నారు. బాబాయిగారు ఓడల మీద ఇంజనీరు, రాటర్‌డామ్ రేవుకి ఎన్నిసార్లు వచ్చారో లెక్కలేదు. ఆయన పోయాక పిన్ని పెట్టె సర్దుతుంటే ఒక కవరులో నోట్లూ, ఒక గుడ్డసంచిలో నాణేలూ బయటపడ్డాయి. నేను సెలవుల్లో వెళ్ళినప్పుడు తెచ్చి నా ముందు పోశారు. "ఒరేయ్ నాన్నా, మీ బాబాయి దాచుకున్నవిరా. ఇవి కాగితాలేనా, డబ్బేనా చూడు. పాత నోట్లు కొనేవాడొకడు వచ్చి నోటుకి వంద ఇస్తానన్నాడు" అన్నారు.

లెక్కపెట్టాను. లైట్‌హౌస్ బొమ్మున్న 250 గిల్డర్లవి నాలుగు, గుడ్లగూబ బొమ్మ 100వి మూడు, పొద్దుతిరుగుడు పువ్వు 50వి ఐదు, ఎర్ర రొమ్ము పిట్ట 25వి రెండు. మొత్తం పధ్నాలుగు నోట్లు, 1600 గిల్డర్లు. అంటే 726 యూరోల 5 సెంట్లు. మన రూపాయల్లో అరవై వేల పైమాటే. ఆ కొనేవాడి లెక్కన పధ్నాలుగు వందలు! పిన్నికి ఈ అంకె చెబితే కాసేపు మాట్లాడలేదు. "మీ బాబాయి ఆసుపత్రిలో ఉన్నప్పుడు తెలిస్తే బాగుండేది" అని మాత్రం అన్నారు.

ఇక అసలు విషయం. ఈ దేశపు కేంద్ర బ్యాంకు పేరు డి నెదర్లాండ్షె బ్యాంక్. యూరో వచ్చేనాటికి చెలామణీలో ఉన్న గిల్డర్ నోట్లని అది 2032 జనవరి 1 దాకా యూరోలుగా మార్చి ఇస్తుంది, కమీషన్ లేకుండా. మామూలు బ్యాంకులు తీసుకోవు, వాటి గడువు ఎప్పుడో అయిపోయింది. విమానాశ్రయాల్లో డబ్బు మార్చే కౌంటర్లు అసలు ముట్టుకోవు. హైదరాబాదులోనూ, దుబాయిలోనూ అడిగి లేదనిపించుకుని "అయితే చెల్లదన్నమాట" అనుకుని ఊరుకున్నవాళ్ళు నాకు తెలుసు.

ఒక జాగ్రత్త. నోట్లన్నిటికీ గడువు ఒకటే కాదు. యూరో కంటే ముందే ఉపసంహరించిన పాత సిరీస్‌లు కొన్ని ఉన్నాయి, వాటిలో కొన్నిటికి గడువు ఇప్పటికే దాటిపోయింది. బ్యాంకు తన వెబ్‌సైటులో ఏ నోటుకి ఏ తేదీయో బొమ్మలతో సహా పట్టిక పెట్టింది. అది చూడకుండా ఎవరికీ ఆశ పెట్టకండి.

నోట్లు ఇవ్వడానికి ఫారం ఉంటుంది. పేరు, గుర్తింపు కార్డు నకలు, బ్యాంకు ఖాతా నంబరు. నేరుగా వెళ్ళి ఇవ్వదలుచుకుంటే ముందు వెబ్‌సైటులో చిరునామా, వేళలు చూసుకోండి, మధ్యలో భవనం మరమ్మతులూ అవీ జరిగి చోట్లు మారాయి. పిన్నికి ఇక్కడ ఖాతా లేదు కాబట్టి నా పేరునే ఫారం నింపాను. ఈ డబ్బు ఫలానా ఆయనదీ, ఇప్పుడు భార్యదీ అని ఒక కాగితం రాయించి, ఆవిడ సంతకం పెట్టించి జత చేశాను. కొన్ని వారాలకి ఖాతాలో పడింది. ఇండియా నుంచి ఉత్తరంలో నోట్లు పెట్టి పంపే ఆలోచన మాత్రం చెయ్యకండి. నమ్మకమైన మనిషి చేతికిచ్చి పంపడమే మేలు. విలువ 10,000 యూరోలో, అంతకు పైనో అయితే యూరప్‌లో దిగేటప్పుడు కస్టమ్స్‌కి చెప్పాలి. ఇంకా మార్పిడికి వీలున్న పాత నోట్లు కూడా ఆ లెక్కలోకే వస్తాయి.

నాణేల సంగతి వేరు. వాటి గడువు 2007 జనవరి 1తో ముగిసింది. డుబెల్ట్యే, క్వార్ట్యే, గిల్డర్, రైక్స్‌డాల్డర్ అన్నీ ఇప్పుడు లోహమే. అయితే పారెయ్యకండి. 1966కి, అంతకుముందుకి చెందిన ఒక గిల్డర్ నాణెంలో వెండి ఉంటుంది. 1954 నుంచి వచ్చినవైతే బరువు ఆరున్నర గ్రాములు, అందులో 72 శాతం వెండి. 1959 నుంచి 1966 దాకా వచ్చిన రెండున్నర గిల్డర్ల రైక్స్‌డాల్డర్ 15 గ్రాములు, అదీ 72 శాతమే. తరవాత వచ్చినవి నికెల్. ఇంట్లో అయస్కాంతం ఉంటే పెట్టి చూడండి. నికెల్‌వి అంటుకుంటాయి, వెండివి అంటుకోవు. పిన్ని సంచిలో వెండివి పదకొండు తేలాయి. వాటిని అమ్మనన్నారు, మనవలకి తలా ఒకటి పంచారు.

పేరు చూసి మోసపోయే నోట్లు కూడా కొన్ని ఉన్నాయి. "నెదర్లాండ్సె ఆంటిల్లెన్" అని ఉంటే అది కరీబియన్ దీవులది, ఆమ్‌స్టర్‌డామ్ బ్యాంకుకి దానితో సంబంధం లేదు. కురసావ్, సింట్ మార్టెన్ దీవుల్లో 2025లో దాని స్థానంలో కరీబియన్ గిల్డర్ వచ్చింది. సురినామ్ గిల్డర్ పోయి 2004లో సురినామ్ డాలర్ అయింది. మలేషియాలో వింటున్నవాళ్ళకి ఒక మాట: తాతల పెట్టెల్లో "డి యపాన్షె రెహేరింగ్" అని రాసి ఉన్న గిల్డర్లు దొరికితే, అవి రెండో ప్రపంచ యుద్ధంలో ఇండోనేషియా కోసం జపాను వాళ్ళు అచ్చేసినవి. వాటికి సేకరణదారులే దిక్కు. మన కోస్తాలో అప్పుడప్పుడు దొరికే డచ్చి ఈస్ట్ ఇండియా కంపెనీ రాగి నాణేలూ అంతే. 1605లో వాళ్ళు మచిలీపట్నంలో దిగారు, భీమిలిలో వాళ్ళ సమాధులు ఇప్పటికీ ఉన్నాయి. మనవాళ్ళు వాళ్ళని వలందులనేవారు. ఆ నాణేలని ఏ బ్యాంకూ మార్చదు గానీ, మట్టి వదిలించాలని చింతపండు పెట్టి తోమకండి. తోమితే సేకరణదారు కూడా సగం ధర ఇవ్వడు.

నోట్లు మార్చేముందు ఒక్కసారి బాగా చూడండి, అంత అందమైన డబ్బు నేను మళ్ళీ చూడలేదు. యూరో నోట్ల మీద ఎక్కడా లేని వంతెనలు, కిటికీలు ఉంటాయి కదా, వీటి మీద పువ్వులు, పిట్టలు. పొద్దుతిరుగుడు పువ్వునీ లైట్‌హౌస్‌నీ గీసినాయన ఓట్యే ఓక్సెనార్. చిలిపి మనిషి. లైట్‌హౌస్ నోటుని వెలుతురుకి ఎత్తి పట్టుకుంటే నీటిగుర్తులో ఒక కుందేలు కనిపిస్తుంది. పెద్ద బ్యాంకు, పెద్ద నోటు, అందులో కుందేలు! నేను పిన్నికి చూపిస్తే, "ఇన్నేళ్ళూ మీ బాబాయికి తెలుసంటావా?" అన్నారు. పొద్దుతిరుగుడు నోటు ఒకటి ఆవిడ ఇవ్వనన్నారు. అందుకని నేను కట్టింది పదమూడు నోట్లకే, 1550 గిల్డర్లకి. వచ్చింది 703 యూరోల 36 సెంట్లు.

మీ ఇళ్ళల్లో వేరే దేశాలవి కూడా ఉండొచ్చు. జర్మనీ మార్కులు నోట్లయినా నాణేలైనా అక్కడి కేంద్ర బ్యాంకు గడువు లేకుండా తీసుకుంటుంది. ఆస్ట్రియా, ఐర్లండు కూడా అంతే. బెల్జియం నోట్లు మాత్రమే తీసుకుంటుంది. ఫ్రాన్సు 2012 ఫిబ్రవరిలోనే తలుపు మూసేసింది, స్పెయిన్ 2021 జూన్‌లో. ఇటలీ లీరాల కట్టలున్నవాళ్ళు వాటిని పిల్లల ఆటలకి ఇవ్వొచ్చు.

వచ్చే వేసవికి ఇండియా వెళ్ళినప్పుడు అమ్మానాన్నల బీరువా అడుగు అర ఒకసారి తీయించండి. పట్టిక ఎలా చూడాలో తెలియకపోతే నోటు రెండు వైపులా ఫొటో తీసి రేడియోకి పంపండి, నేను చూసి చెబుతాను. సెలవు.