గుడి మారినా గోర్ బోలి మరవొద్దు



మనలో సేవాలాల్ మహరాజ్‌కు భోగ్ పెట్టేవాళ్లున్నారు, ఆదివారం చర్చికి వెళ్లేవాళ్లూ ఉన్నారు. తీజ్ వచ్చిందంటే "వాళ్లు రారులే" అని మనమే పిలవడం మానేస్తున్నాం. వాళ్లూ రావడం మానేస్తున్నారు. ఇలాగే సాగితే తండా రెండుగా చీలుతుంది.

సికింద్రాబాద్‌లో విజయవాడ రైలెక్కితే కాజీపేట, మహబూబాబాద్ దాటాక డోర్నకల్ వస్తుంది. 1939లో ప్రతిష్ఠించిన అక్కడి ఎపిఫనీ కెథడ్రల్ చూడండి. గుడి మండపంలాంటి స్తంభాలు, మసీదులాంటి గుమ్మటాలు! కట్టించిన బిషప్ అజరయ్య తమిళుడు. 1912లో ఆంగ్లికన్ సభకు తొలి భారతీయ బిషప్ అయ్యారు. ఇక్కడికొచ్చి తెలుగు నేర్చుకున్నారు. చర్చి ఈ నేలదిగా కనబడాలనుకున్నారు.

మరి మన తండాలో ప్రార్థన గోర్ బోలిలో ఎందుకు జరగకూడదు? పాస్టర్లను మనమే అడుగుదాం, పాటలు మనమే కడదాం. తీజ్‌కు అందరినీ పిలుద్దాం. పూజలో కూర్చోనివాళ్లు ఆటపాటల్లో కలవొచ్చు. బలవంతం వద్దు, వెలి అసలే వద్దు.

దేవుడు ఎవరి మనసుకు వాళ్లది. యాడి నేర్పిన మాట మాత్రం మనందరిదీ.