గిడ్డంగిలో సముద్రం



కళా ప్రదర్శన అనగానే మనలో చాలామంది "అవన్నీ మనకేం అర్థమవుతాయి లెండి!" అనేస్తాం. నేనూ అన్నదాన్నే. పదో తరగతితో చదువు ఆపి, ఆ తర్వాత పాల లెక్కలు, పచారీ లెక్కలు రాసుకుంటూ గడిపినదాన్ని. అలాంటి నాచేత ఆ మాట మాన్పించిన ప్రదర్శన ఒకటుంది. దాని గురించి ఇవాళ మీతో చెప్పుకుందామని వచ్చాను.

2017 జనవరిలో, సంక్రాంతి సెలవులకి కేరళ వెళ్ళాం. మావారు, మా అమ్మాయి, మా అమ్మ, నేను. గురువాయూరులో దర్శనం చేసుకుని ఎర్నాకుళం వచ్చి, అక్కడ బోటెక్కి ఫోర్టు కొచ్చిలో దిగాం. చీనా వలలు చూసి సాయంత్రానికి తిరిగి వచ్చేద్దామనుకున్నాం. మా అమ్మాయి మాత్రం బినాలే చూసి తీరాలని పట్టుబట్టింది. బినాలే అంటే మరేం కాదు, రెండేళ్ళకోసారి జరిపే కళా ప్రదర్శన. కొచ్చిలో ఇది మొదలైంది 2012 డిసెంబరు 12న. మేం చూసింది మూడోది.

ప్రదర్శనశాల అంటే గాజు తలుపులూ, నున్నటి నేలా ఉంటాయనుకున్నాను. తీరా చూస్తే నీటి ఒడ్డున పాత వర్తకుల ఆవరణ, గిడ్డంగులూ! పేరు ఆస్పిన్‌వాల్ హౌస్. 1867లో ఒక ఇంగ్లీషు వర్తకుడు పెట్టిన కంపెనీదట. మిరియాలు, అల్లం, పసుపు, కొబ్బరినూనె ఇలాంటి సరుకుతో వ్యాపారం చేసేవారట. ఆ మాట వినగానే నా బెరుకు సగం పోయింది. మన వంటింటి సామానే కదా అనిపించింది.

అయినా కళకి గిడ్డంగి ఏమిటని మీకు సందేహం రావచ్చు. గోడకి తగిలించే పటమైతే ఏ హాల్లోనైనా సరిపోతుంది. ఈ కాలపు కళాకారులు కొందరు ఒక్కోసారి గది మొత్తాన్నే పటంగా తీసుకుంటారు. దానికి ఇంత పొడుగూ ఎత్తూ ఉన్న చోటు కావాలి. ఆ గోడల మరకలూ, పెచ్చులూడిన సున్నమూ కూడా వాళ్ళకి పనికొస్తాయి.

ఉన్నమాట చెప్పాలి. మొదటి రెండు మూడు గదుల్లో నాకేం బోధపడలేదు. మావారు అప్పటికే గడియారం చూసుకుంటున్నారు. అంతలో ఒక పొడుగాటి గది గుమ్మం దగ్గరికి వచ్చాం. లోపల నేల కనబడదు, గది నిండా నీళ్ళు! సముద్రపు నీళ్ళట. చెప్పులు విప్పి, ఆ నీళ్ళలోంచే నడిచి అవతలి గోడ దాకా వెళ్ళాలి. ప్యాంటు తడుస్తుందని మావారు బయటే నిలబడ్డారు. మా అమ్మ కూడా ఆగిపోయింది. "సముద్రపు నీళ్ళా? నేను రానే" అంది.

ఎందుకో నాకు తెలుసు. మా అమ్మమ్మగారిది దివిసీమలో కోడూరు దగ్గర పల్లె. 1977 నవంబరు 19 నాటి ఉప్పెన పదివేల మంది దాకా పొట్టన పెట్టుకుంది. అందులో మా అమ్మ ఆఖరి తమ్ముడు కూడా ఉన్నాడు. ఎనిమిదేళ్ళవాడు. అప్పటికి నేనింకా పుట్టలేదు. మా ఇంట్లో ఆ మాట ఎవరూ ఎత్తరు. ఆ మామయ్య ఎలా ఉండేవాడో నాకు తెలియదు, ఒక్క ఫోటో కూడా లేదు.

మా అమ్మాయీ నేనూ చీర కుచ్చిళ్ళూ, పరికిణీ ఎత్తి పట్టుకుని దిగాం. పిక్కల దాకా నీళ్ళు. అటూ ఇటూ గోడలకి తెల్లగుడ్డల మీద ఇంగ్లీషులో చిన్న చిన్న ప్రశ్నలు. వినబడటం లేదా, కనబడటం లేదా అని ఎవరో మనల్ని అడుగుతున్నట్టు. మా అమ్మాయి ఒక్కొక్కటీ చదివి తెలుగులో చెబుతోంది. సగం దూరం వెళ్ళామో లేదో, నా భుజం మీద చెయ్యి పడింది. చూస్తే అమ్మ!

చివరి గోడ మీద ఒక కవిత ఉంది. రాసింది రౌల్ జురీటా అనే చిలీ దేశపు కవి. 1973లో అక్కడ సైన్యం ప్రభుత్వాన్ని కూలదోసినప్పుడు ఆయన్ని పట్టుకుని ఒక ఓడ అడుగున బంధించారట. 2015 సెప్టెంబరులో టర్కీ ఒడ్డుకి కొట్టుకొచ్చిన సిరియా పసివాడు అలాన్ ఫోటో మీకు గుర్తుండే ఉంటుంది. లోకమంతా కన్నీరు పెట్టింది. అదే పడవలో వాడి అన్న గాలిప్, వాళ్ళమ్మ కూడా పోయారు. లోకం చూసిన ఆ ఫోటోలో అన్న లేడు. ఆ కవి ఈ గదిని ఆ అన్నకే అంకితమిచ్చాడు.

మా అమ్మాయి ఇదంతా చెప్పాక, "అయితే పెద్దాడికి ఫోటో లేదా?" అని అడిగింది అమ్మ.

"ఆ రోజుది లేదు అమ్మమ్మా."

"మా బుజ్జిగాడికీ లేదు" అంది.

మామయ్యని బుజ్జిగాడనేవారని నాకప్పుడే తెలిసింది. ఆ రాత్రి బసలో పడుకోబోతూ అమ్మ చాలాసేపు వాడి కబుర్లు చెప్పింది. వాడికి తేగలంటే ఇష్టమట. చెరువుకి వెళితే ఓ పట్టాన ఇంటికొచ్చేవాడు కాదట. అన్నేళ్ళుగా ఇంట్లో ఎవరూ అడగనిదీ, అమ్మ చెప్పనిదీ అదే.

గదిలోంచి బయటికి రాగానే మావారు నవ్వుతూ, "ఏమండీ అత్తయ్యగారూ, అర్థమైందా ఏమన్నా?" అన్నారు. అమ్మ చీర అంచు పిండుకుంటూ, "అర్థం కాకపోవడానికేముంది బాబూ, నీళ్ళే కదా" అంది.

అక్కచెల్లెళ్ళూ! చూసిందల్లా అర్థం కావాలని నేననను. అర్థం కానిదాన్ని దాటిపోవచ్చు, తప్పేం లేదు. పక్కన అంటించిన చీటీ చదవండి, అక్కడున్న పిల్లల్ని అడగండి, సిగ్గుపడకండి. కాళ్ళు ఆగిన చోట మాత్రం ఓ ఐదు నిమిషాలు నిలబడండి. ముంబైలో పాత కావస్‌జీ జహంగీర్ హాలు 1996 నుంచి, బెంగుళూరులో మాణిక్యవేలు గారి భవంతి 2009 నుంచి ఇలాగే చిత్రశాలలుగా ఉన్నాయి. చుట్టాలింటికి వెళ్ళినప్పుడు చీరల కొట్టుతో పాటు అక్కడికీ ఓ పూట కేటాయించండి. వీలైతే ఇంట్లో పెద్దవాళ్ళని కూడా వెంటబెట్టుకు వెళ్ళండి. చూసింది వాళ్ళకి ఏం గుర్తుచేస్తుందో మనకి తెలియదు.