రాగి గొట్టము – నత్రజని పద్దు
(సంఘ సభలో చేసిన ప్రసంగ పాఠము)



సాహిత్యము చదువుకొని ఫైళ్ల నడుమ కాలము గడుపుచున్న నేను శీతలయంత్రముల గొట్టములను గూర్చి మాటలాడుట మీకు వింతగా తోచవచ్చును. ఈ విషయమున నాకు పాండిత్యము లేదు. ఒక తప్పు చేసి నేర్చుకొన్నవాడను.

కొన్ని సంవత్సరముల క్రిందట ఏ.సి.లు బిగించుటకై వచ్చిన అంచనాలో ‘నత్రజని సిలిండరు’ అను పద్దు కనబడెను. గాలిలో నూటికి 78 పాళ్లు నత్రజనియే కదా, దానిని వెలపెట్టి కొననేల అని ఆ పద్దును కొట్టివేసితిని. కొన్ని నెలలకే ఒక యంత్రము చల్లబరచుట మానెను. మరమ్మతునకు వచ్చిన మేస్త్రీ మన శ్రీకాకుళమువాడు. అతడు గొట్టమును కోసి నా బల్లమీది కాగితముపై తట్టగా నల్లని పొట్టు రాలినది.

“బాబూ, పైన మంట పెడితే లోపల రాగి కాలిపోయి ఇలాగవుతాది. నత్రజని పంపితే ఈ పొట్టు పుట్టదు” అనెను.

రాగి 1085 డిగ్రీల వద్ద కరగును. అతుకునకు వాడు రాగి-భాస్వరపు కడ్డీ సుమారు 700–800 డిగ్రీలకే కరిగి సందులోనికి పాకును. ఆ వేడికి గొట్టము లోపలి గాలియందలి ప్రాణవాయువు రాగితో కలిసి పొట్టు కట్టును. అది తరువాత కొట్టుకొనిపోయి, కేపిలరీ అను సన్నని గొట్టమును మూసివేయును. నత్రజనిని మెల్లగా పారనిచ్చుచు అతికినచో లోపల ప్రాణవాయువునకు చోటుండదు. అయితే రెండవ కొన తెరచియే యుండవలెను. మూసినచో లోపల ఒత్తిడి పెరిగి కరిగిన లోహము వెలికి చిమ్మును.

యంత్రము చెడుట ధననష్టము మాత్రమే. ప్రాణనష్టమునకు దారితీయు పొరపాటు వేరొకటి కలదు. సరకులు ఓడలపై వచ్చు మన దీవులలో నత్రజని నిండుకొన్నప్పుడు, ప్రక్కనే యున్న ప్రాణవాయువు సిలిండరును తగిలించి లీకు పరీక్షింతమను బుద్ధి పుట్టవచ్చును. ఒత్తిడిలోనున్న ప్రాణవాయువు కంప్రెసరు నూనెను తాకినచో పేలుడు సంభవించును. పేరు చూచి మోసపోరాదు. ఓడ వచ్చువరకు ఉక్కపోతను సహించుటయే మేలు.

పాత గ్యాసు మిగిలియున్న గొట్టమునకు మంట చూపుటయు అట్టిదే. ఆర్-22 మంట తగిలి విడిపోయినప్పుడు పుట్టు విషములలో ఫాస్జీను ఒకటి. మొదటి ప్రపంచయుద్ధమున సైనికులపై ప్రయోగించినది ఈ వాయువునే. క్రొత్త యంత్రములలోని ఆర్-32లో క్లోరిను లేదు గాని, అది తానే మండు స్వభావము కలది. మంటలో విషవాయువును పుట్టించును. కావున ముందుగా గ్యాసును వేరు సిలిండరులోనికి తీసి, గొట్టమును నత్రజనితో కడిగి, తలుపులు కిటికీలు తెరచిన పిమ్మటనే మంట వెలిగింపవలెను. ఉప్పుగాలికి గొట్టములు త్వరగా తినిపోవు ఈ పోర్ట్ బ్లెయిరులో – 2024 నుండి శ్రీవిజయపురములో – ఇట్టి మరమ్మతులు ప్రతి క్వార్టర్సుకును వచ్చునవే.

ఇంటనుండు తల్లులకొక మనవి. మేస్త్రీ మంట వెలిగింపకమునుపే తెరలు, పరుపులు తొలగింపుడు. పిల్లలను ఆ గదికి రానీయకుడు. పని ముగిసిన తరువాత అరగంటసేపు ఆ చోటును కనిపెట్టియుండుడు. చెక్కగోడ లోపల నిప్పు చప్పుడు లేకుండ రాజుకొనును.

ఆ నల్లని పొట్టును కాగితమున మడిచి నా సొరుగులో దాచుకొంటిని. మొన్న క్రొత్త అంచనా వచ్చినది. నత్రజని పద్దునకు సమ్మతించి, మంటలార్పు సిలిండరు పద్దు ఏదియని ప్రక్కన వ్రాసి త్రిప్పి పంపితిని.