ఇల్లు కొనేముందు కాగితం చదవాలి



పెనుగొండలో ఒక చెల్లెలు కూలిడబ్బు కూడబెట్టి, పాత పెంకుటిల్లు బేరం చేసిందనుకోండి. అమ్మేవాడు తెల్లకాగితం రాసిస్తానంటాడు. "మనలో మనకు రిజిస్ట్రీ ఎందుకమ్మా?" అంటాడు. ఆ తీపి మాటకే కొంపలు మునిగేది. 100 రూపాయలు, ఆపైన విలువ చేసే ఇంటి అమ్మకం రిజిస్టరు కావాలి. 1908 నాటి చట్టం ఆ మాటే చెబుతోంది.

ముందు ఆమె సబ్‌రిజిస్ట్రారు ఆఫీసులో ఈసీ తీయించాలి. ఇల్లు ఎవరెవరి చేతులు మారిందో అందులో ఉంటుంది. దస్తావేజు కుదువపెట్టి తెచ్చిన అప్పు ఒక్కోసారి అందులో కనబడదు. అందుకే అసలు దస్తావేజు కళ్లారా చూడాలి. నాలుగు హద్దులూ తనే చదవాలి. కాగితంలో తూర్పున దారి అని ఉంటే, నేలమీదా దారి ఉండాలి మరి!

ఇక గోడలు. అడుగున సున్నం రాలుతోందంటే చెమ్మ ఎక్కుతోందన్నమాట. పైపైన రంగు వేస్తే అది పోదు. చూరునీళ్లు గోడవారనే నిలుస్తున్నాయేమో చూసి, కాలవ తీయించాలి.