కూడలిలో ప్రదక్షిణము

బందరు నుండి గాని, ఉయ్యూరు నుండి గాని బస్సులో విజయవాడకు వచ్చువారికి పటమట సమీపింపగానే ఒక అలవాటు కలదు. కునుకు తీయుచున్నవారు మేల్కొందురు. కాళ్ళక్రింది సంచులు సవరించుకొందురు. కండక్టరు "బెంజి సర్కిల్, బెంజి సర్కిల్" అని కేకవేయును. బస్సు మాత్రము చేరవలసిన చోటికి ఒక ఫర్లాంగు దూరముననే ఆగిపోవును. అప్పుడు కిటికీలోనుండి తల బయటపెట్టి, "ముందేమైనదండీ?" అని అడుగనివారుండరు. చాలసారులు ముందేమియు కాలేదు. నాలుగు దిక్కులనుండి వచ్చిన నలుగురు "ముందు నేను" అనుకొనిరి, అంతియే.

మన కృష్ణా, గుంటూరు మండలములలో దారులు కలిసిన చోటునకెల్ల సెంటరని పేరు. బందరులో కోనేరు సెంటరు, విజయవాడలో లెనిన్ సెంటరు. పల్లెటూళ్ళలోనైనను రెండు కిళ్ళీకొట్లు, ఒక కాఫీ హోటలు ఉన్నచో అది సెంటరే. నడుమ గుండ్రని దిబ్బ యొకటి వెలసినచో అది రింగగును. రామవరప్పాడు రింగు అట్టిది. మరికొన్నిచోట్ల సర్కిల్ అందుము. పూర్వులు చతుష్పథమనిరి, శృంగాటకమనిరి. పేరేదైనను చిక్కు ఒక్కటే: ఒకే నేలమీదికి ఒకే క్షణమున ఇద్దరు రాదలచినప్పుడు ఎవరు ఆగవలెను?

నడిమి దిబ్బ అలంకారము కొరకు పుట్టినది కాదు. రెండు దారులు అడ్డముగా ఖండించుకొనిన చోట, బండ్లు ఎదురుపడి తాకుటకు, ప్రక్కనుండి గ్రుద్దుకొనుటకు, కలియుటకు, విడిపోవుటకు మొత్తము 32 స్థానములు ఉన్నవని ఇంజనీర్లు లెక్కించిరి. నడుమ వలయము నిర్మించి, అందరును ఒకే వరుసలో ఒకే వైపునకు తిరుగునట్లు చేసినచో ఆ స్థానములు ఎనిమిదికి దిగును. అంతకంటె ముఖ్యమైనది మరియొకటి కలదు. వలయములో ఎవరును ఎవరికిని నేరుగా ఎదురుపడరు. ప్రక్కడొక్కలో పొడిచినట్లు లంబముగా తాకుట కూడ అరుదు. వంపు తిరుగవలసియుండుటచే వేగము తానై తగ్గును. తాకిడి జరిగినను ఏటవాలుగా రాచుకొని పోవునే గాని ప్రాణము తీయునంతటిది కావచ్చుట తక్కువ.

మన దేశమున బండి ఎడమవైపున నడచును. కావున వలయములో తిరుగునప్పుడు నడిమి దిబ్బ ఎల్లప్పుడు మనకు కుడిచేతి వైపున నుండును. అనగా మనము చేయునది సాక్షాత్తు ప్రదక్షిణము. గుడిలో ఈ సంగతి ఎవరికిని నేర్పనక్కరలేదు. కుడివైపు సందులోనికి పోవలసినవాడు దిబ్బచుట్టు ముప్పాతిక భాగము తిరిగి పోవలెను. అట్లు తిరుగుటకు బద్ధకించి అప్రదక్షిణముగా దూరెడి ద్విచక్రవాహనములను దినమునకెన్ని చూచుచున్నామో లెక్కలేదు. గుడిలో అట్లు తిరిగిన వానిని పూజారి పిలిచి మందలించును. ఇక్కడ ఆ పనికి పోలీసువాడు ఒక్కడే. అతడు కూడ మధ్యాహ్నపుటెండలో నీడ వెదకుకొనవలసినవాడే కదా.

ఈ వలయమార్గములు పాశ్చాత్య నగరములలో నిరువదవ శతాబ్ది ఆరంభమున ప్రబలినవి. 1905లో న్యూయార్కు నగరమందలి కొలంబస్ సర్కిలులో బండ్లన్నియు ఒకే వైపునకు తిరుగవలెనని విలియం ఫెల్ప్స్ ఈనో ఏర్పాటు చేసెను. 1907లో ప్యారిస్ నగరమున, పండ్రెండు వీధులు కలిసెడి విజయతోరణము చుట్టు అట్టి పద్ధతియే అమలునకు వచ్చినది. అయితే తిరుగుట నేర్చిన లోకము ఆగుట నేర్చుకొనుటకు మరి అరువది యేండ్లు పట్టినది. లోపల తిరుగుచున్నవాడు ఆగి, క్రొత్తగా వచ్చువానికి చోటీయవలెనని కొన్నిచోట్ల నియమముండెడిది. కొన్నిచోట్ల ఏ నియమమును లేదు. లోపలివాడు ఆగిన ఫలితమేమి? వాని వెనుకవాడు ఆగును, వాని వెనుకవాడు ఆగును. వలయము గుండ్రనిది గనుక ఆ వరుస తిరిగి మొదటివాని ముందునకే వచ్చును. అప్పుడు బయటికి పోవలసినవాడు సైతము పోజాలడు. పాము తన తోకను తానే మ్రింగినట్లగును.

ఇంగ్లండులో ఫ్రాంక్ బ్లాక్‌మోర్ అను ఇంజనీరు ఈ విషయమై పట్టుదలతో ప్రయోగములు చేసెను. 1966 నవంబరులో అక్కడ నియమము స్థిరపడినది: వలయములోనికి ప్రవేశించువాడు, తన కుడివైపునుండి వచ్చువానికి, అనగా లోపల నున్నవానికి, దారి ఇయ్యవలెను. ఈ ఒక్క మాటతో వలయములు బిగుసుకొనిపోవుట చాలవరకు తగ్గినది. పెద్ద దిబ్బలు అవసరము లేకుండ చిన్న వలయములే చాలునని కూడ తేలినది. ఈనాడు అమెరికాలోని కార్మెల్ అను చిన్న నగరములోనే నూటయేబదికి పైగా వలయములున్నవి.

మన డెల్టా రైతునకు ఇది క్రొత్త శాస్త్రము కాదని మా యభిప్రాయము. పంటబోదెమీద వంతు పద్ధతి ఆయనకు తెలియును. పారుచున్న వంతు ముగియకముందే తన మడికి గండి పెట్టుకొన్నవాడు తాను రెండు గడియలు ముందుగా తడుపుకొనవచ్చును గాని, దిగువనున్న శివారు పొలము ఎండిపోవును. ఆ రైతే మోటారుసైకిలు ఎక్కి పట్టణమునకు వచ్చినప్పుడు వలయము కూడ ఒక వంతేయని ఏల మరచునో తెలియదు.

చట్టము మరచినది కాదు. 1989 నాటి రహదారి నిబంధనలలోనే, ప్రధానమార్గముగా నిర్ణయింపబడని కూడలిలోనికి వచ్చువాడు తన కుడివైపు నుండి వచ్చువారికి దారి ఇయ్యవలెనని యున్నది. 2017లో వచ్చిన నిబంధనలు వలయములోనున్న బండికే మొదటి హక్కని చెప్పినవి. డ్రైవింగు లైసెన్సు చేతనున్న ప్రతివారును చదివియుండవలసిన విషయమే ఇది.

అట్లని నేరమంతయు బండి తోలువానిదే అనుట న్యాయము కాదు. వలయమునకు కూడ మోయగలిగిన బరువొకటి కలదు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 1976లో ప్రకటించిన సూచనల ప్రకారము, అన్ని దారులనుండి కలిసి గంటకు సుమారు 3000 బండ్లు దాటినచో వలయము చక్కగా పనిచేయజాలదు. ఆ లెక్కలో కారు ఒకటి; స్కూటరు ముప్పాతిక, సైకిలు అర; బస్సు గాని లారీ గాని 2.8. ఎడ్లబండి మాత్రము నాలుగు మొదలు ఆరు కార్లతో సమానము! ఒకప్పుడు ధాన్యపు బస్తాలతో వచ్చిన బండ్లు వరుసగా నాలుగు నిలిచినచో ఇరువది కార్లు నిలిచినట్లేనన్నమాట. ఎడ్లబండ్లు నేడు రోడ్డుమీద అరుదైనవి గాని, వాని చోటు ఖాళీగా నుండనీయక ఆటోలు ఎప్పుడో ఆక్రమించినవి.

విజయవాడ భూమి స్వభావము కూడ చూడవలెను. ఒకవైపు కృష్ణ, ఒకవైపు కొండలు. నడుమ ఏలూరు కాలువ, రైవస్ కాలువ, బందరు కాలువ. వానికి తోడు రైలుకట్టలు. ఇన్నింటి సందునుండి దారులు కొద్దిచోట్లకే వచ్చి చేరవలెను. మద్రాసు, కలకత్తాల నడిమి రహదారియు, హైదరాబాదు బందరుల నడిమి రహదారియు బెంజి సర్కిలులోనే కలియుచున్నవి. వెనుక 5, 9 సంఖ్యలతో పిలిచిన ఆ రహదారులకు నేడు 16, 65 అని పేరు. తమిళదేశపు లారీ, నిర్మలా కాన్వెంటు వైపు పోవు పిల్లల ఆటో, ఆటోనగరునకు ఇనుము మోసెడి ట్రాలీ, అన్నియు ఒకే చోట ముందు నేను అన్నప్పుడు ఏ వలయము మాత్రమేమి చేయగలదు? కావుననే పైనుండి వంతెనలు కట్టిరి. మొదటిది 2020లో వాడుకకు వచ్చినది, దాని సరసనే రెండవది తరువాత వచ్చినది. దూరప్రయాణపు బండ్లు పైనుండి పోవుచున్నవి.

క్రింద మనము మిగిలితిమి. వంతెన స్తంభముల నీడలో బండ్లు ఇంకను కలియవలసినదే, విడిపోవలసినదే. అన్నిటికంటె ముఖ్యముగా, నడచువారు దాటవలసినదే. నడిమి దిబ్బమీద విగ్రహము పెట్టుట, జయంతి నాడు దండవేయుటకు జనమును అక్కడికి రప్పించుట, మూలలందు ఫ్లెక్సీ బొమ్మలు కట్టి వచ్చుచున్న బండి కనబడకుండ చేయుట మన పట్టణములన్నిటను అలవాటైనది. దిబ్బమీదికి మనుష్యులు పోవుటయే ప్రమాదము. నడచువాడు దాటవలసినది దిబ్బ మీదుగా కాదు. వలయమునకు కొంచెము వెనుక, ఒక్కొక్క దారిని వేరువేరుగా దాటవలెను. ఆటోవారును, బస్సువారును వలయపు మెడదగ్గరనే ఆగి మనుష్యులను ఎక్కించుకొనుట మరియొక పీడ. యాభై గజములు ముందునకు పోయి ఆగినచో బేరము పోవునని వారి భయము. ఆ భయము అబద్ధమని మేము చెప్పజాలము. వారికి నిలుచు చోటు చూపవలసిన బాధ్యత పట్టణములదే.

ఇంతవరకు ఇతరుల సంగతి చెప్పితిమి. మాది కూడ చెప్పవలెను. కొన్ని సంవత్సరముల క్రిందట డెల్టాలోని ఒక పట్టణమున, ఒక చిన్న రింగు దగ్గర, ఉదయమున స్కూటరుమీద పోవుచుంటిమి. రైలునకు ఆలస్యమైనది. కుడివైపు చూచితిమి, ఒక పదునాలుగేండ్ల పిల్ల సైకిలు మీద రింగు చుట్టు తిరిగి వచ్చుచున్నది. సైకిలే కదా, ఆగునులెమ్మని ముందునకు దూకించితిమి. ఆమె ఆగబోయి పడినది. మోచేయి గీరుకొనినది. పుస్తకములు చెదరినవి, క్యారియరు మూత ఊడి పెరుగన్నము తారుమీద ఒలికినది.

నలుగురు మూగిరి. వచ్చినవారిలో ఒక పెద్దమనిషి ఆ పిల్లనే కోప్పడెను: "చూసుకుని రావద్దటమ్మా? పెద్దవాళ్ళు బండి మీద వస్తుంటే!" ఆమె గౌను దులుపుకొనుచు, "తప్పు నాదేనండీ" అన్నది. సైకిలు లేపి ఇచ్చితిమి, పుస్తకములు ఏరి ఇచ్చితిమి. తప్పు నీది కాదమ్మా, రింగులో నున్నదానవు నీవు, ఆగవలసినవారము మేము, అని ఆ నలుగురి యెదుట చెప్పవలసియుండెను. చెప్పలేదు. రైలు మాత్రము అందినది.

ఇప్పుడును ఆ దారిన పోవుచునే యున్నాము. రింగు ముందు బండి నిదానించి, కుడివైపు చూచి, లోపలివారు పోవువరకు నిలుతుము. వెనుకనున్నవారు హారను మ్రోగింతురు.