కాగితం లేని పిల్లలు, కాగితం ఉన్న పిల్లలు: అమెరికా వలస ఊరట, దాని చుట్టూ రాజకీయం

2012 జూన్ 15న అమెరికా హోంలాండ్ సెక్యూరిటీ మంత్రి జానెట్ నపోలిటానో మూడు పేజీల మెమో ఒకటి జారీ చేశారు. చిన్నతనంలోనే ఆ దేశం చేరి, కాగితాలు లేకుండా అక్కడే పెరిగిన యువతను తిప్పి పంపే పని ప్రస్తుతానికి ఆపాలన్నది దాని సారం. షరతులు కచ్చితమైనవి. పదహారేళ్ళు నిండకముందే వచ్చి ఉండాలి. ఆ రోజుకు 31 ఏళ్ళ లోపువారై ఉండాలి. 2007 జూన్ 15 నుంచి ఎడతెగకుండా అక్కడే నివసించి ఉండాలి. చదువుతూనో, హైస్కూలు ముగించో, సైన్యంలో పనిచేసో ఉండాలి. పెద్ద నేరాల్లో శిక్ష పడి ఉండకూడదు. ఇవన్నీ ఉన్నవారికి దక్కేది రెండేళ్ళ వాయిదా, పనిచేసుకొనే అనుమతి. పౌరసత్వం ఊసే అందులో లేదు. డాకా అనే పొట్టి పేరుతో ప్రసిద్ధమైన ఈ ఏర్పాటు కింద ఎనిమిది లక్షల మందికి పైగా ఊరట పొందారు.

మెమో వెనుక పాత కథ ఉంది. కాగితాలు లేవని పిల్లలకు ప్రభుత్వ బడి నిరాకరించకూడదని అమెరికా సుప్రీంకోర్టు 1982లో ప్లైలర్ కేసులో తీర్పు చెప్పింది. బడి తలుపు తెరుచుకుంది గాని, బడి ముగిశాక ఏమిటన్న ప్రశ్నకు జవాబు దొరకలేదు. దానికోసమే 2001లో డెమొక్రాట్ డిక్ డర్బిన్, రిపబ్లికన్ ఓరిన్ హాచ్ కలిసి, ఈ పిల్లలకు చట్టబద్ధ హోదాకు దారి చూపే డ్రీమ్ బిల్లు సెనేట్‌లో పెట్టారు. 2010 డిసెంబరులో అది ప్రతినిధుల సభలో 216–198తో గట్టెక్కింది. సెనేట్‌లో 60 ఓట్లు కావలసిన చోట 55 దగ్గర ఆగిపోయింది. ఆ ఏడాది ఏప్రిల్‌లోనే డర్బిన్, రిపబ్లికన్ సెనేటర్ రిచర్డ్ లూగర్‌తో కలిసి, ఈ పిల్లలను తిప్పి పంపడం ఆపమని నపోలిటానోకు లేఖ రాశారు. డాకా ఒక పార్టీ ఆలోచనగానే పుట్టిందనడం సరికాదు.

అధ్యక్షుడు ఒబామా మొదట వెనకాడారు. కేవలం ఉత్తర్వుతో ఈ పని చేయడం తనకు కుదరదని 2011 మార్చిలో యూనివిజన్ కార్యక్రమంలో చెప్పారు. పదిహేను నెలలకే మాట మార్చారని ప్రత్యర్థులు పట్టుకున్నది దీన్నే. ఈలోగా రెండు వైపుల నుంచి ఒత్తిడి వచ్చింది. అధ్యక్షుడికి ఆ అధికారం ఉందని 90 మందికి పైగా న్యాయశాస్త్ర ఆచార్యులు లేఖ రాశారు. డెన్వర్‌లోని ఒబామా ఎన్నికల కార్యాలయంలో కాగితాలు లేని యువకార్యకర్తలు నిరాహారదీక్షకు కూర్చున్నారు. తమ పేరు, ముఖం బయటపెట్టుకొని, తిప్పి పంపే ప్రమాదాన్ని కోరి నెత్తినేసుకున్న ఆ పిల్లల సాహసమే ఈ చరిత్రలో అన్నిటికన్నా పెద్ద కారణం.

మెమో జారీ అయిన రోజే వైట్‌హౌస్ గులాబీ తోటలో ఒబామా ప్రకటన చదువుతుండగా ఒక విలేఖరి మధ్యలోనే అడ్డుపడి అరిచాడు. రిపబ్లికన్లు ఒకే గొంతుతో మాట్లాడలేదు. కాంగ్రెస్ సభ్యుడు స్టీవ్ కింగ్ కోర్టుకెళతానన్నారు. న్యాయవ్యవహారాల కమిటీ అధ్యక్షుడు లామర్ స్మిత్ ఇది ప్రజల నమ్మకాన్ని వమ్ము చేయడమేనన్నారు. సొంత బిల్లు సిద్ధం చేసుకుంటున్న సెనేటర్ మార్కో రూబియో, పిల్లలకు ఇది మంచి కబురేనంటూనే, తాత్కాలిక ఏర్పాటు శాశ్వత పరిష్కారానికి అడ్డవుతుందన్నారు. అధ్యక్ష అభ్యర్థి మిట్ రామ్నీ మొదట రద్దు చేస్తాననీ చేయననీ తేల్చలేదు. అక్టోబరులో మాత్రం అప్పటికే ఇచ్చిన అనుమతులను గౌరవిస్తానన్నారు. ఎక్కువమంది పిల్లలను తప్పుపట్టలేదు, ఉత్తర్వు ఇచ్చిన చేతిని తప్పుపట్టారు. వాదమంతా అధికారం ఎవరిదన్న దాని మీదికి మళ్ళింది. బలహీనత కూడా అక్కడే ఉంది: చట్టసభ ఇవ్వని ఊరటను మరో ప్రభుత్వం వెనక్కు లాక్కోగలదు.

2012 ఆగస్టు 15న దరఖాస్తులు తీసుకోవడం మొదలైంది. అదే రోజు అరిజోనా గవర్నర్ జాన్ బ్రూయర్, డాకా పొందినవారికి డ్రైవింగ్ లైసెన్సు ఇవ్వకూడదని ఆదేశించారు. వలస విభాగం ఏజెంట్లే కొందరు మెమో మీద డాలస్ కోర్టులో దావా వేశారు. ప్రభుత్వం మారాక, 2017 సెప్టెంబరు 5న అటార్నీ జనరల్ జెఫ్ సెషన్స్ డాకా రద్దు ప్రకటించారు. హైదరాబాద్‌లో పుట్టి పెరిగిన సత్య నాదెళ్ల నడుపుతున్న మైక్రోసాఫ్ట్, ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయంతో కలిసి ఆ రద్దుపై కోర్టుకెక్కింది. అప్పటికి కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి అధ్యక్షురాలైన నపోలిటానో ఆ సంస్థ పక్షాన తన పాత మెమోను కాపాడుకునే దావా నడిపారు. 2020 జూన్ 18న సుప్రీంకోర్టు 5–4తో, రద్దుకు చూపిన కారణాలు చాలవని తేల్చింది. డాకా చట్టబద్ధమా కాదా అన్న జోలికి పోలేదు.

తెలుగువారికి ఈ కథతో సంబంధం వేరే దారిలో వచ్చింది. కండ్లకోయ, మైసమ్మగూడ నుంచి షామీర్‌పేట దాకా మేడ్చల్ ప్రాంతమంతా ఇంజనీరింగ్ కాలేజీలే. వాటిలో చదువు ముగించి, కన్సల్టెన్సీ చుట్టూ తిరిగి, అమెరికా కాలేజీ ఇచ్చే ప్రవేశ పత్రం ఐ-20 తెచ్చుకొని విమానమెక్కడం ఇక్కడి ఇళ్ళకు అలవాటైన వరుస. ఈ పిల్లలు కాగితంతోనే వెళతారు. స్టేటస్ పోయేది అక్కడికి వెళ్ళాక.

2011 జనవరిలో కాలిఫోర్నియాలోని ప్లెజంటన్‌లో ట్రై-వ్యాలీ విశ్వవిద్యాలయం వీసా మోసం ఆరోపణలతో మూతపడింది. దాదాపు 1,500 మంది విద్యార్థుల్లో ఎక్కువమంది ఆంధ్రప్రదేశ్ పిల్లలే. వందల మంది ఒకే అపార్ట్‌మెంటులో ఉంటున్నట్టు రికార్డుల్లో రాశారు. కొందరి కాళ్ళకు నిఘా కోసం రేడియో పట్టీలు బిగించారు. వాటిని ఫ్యాషన్ వస్తువులతో పోల్చిన హైదరాబాద్ కాన్సులేట్ అధికారి మాట ఇక్కడ మంట రాజేసింది. విదేశాంగ మంత్రి ఎస్.ఎం. కృష్ణ అమానుషమన్నారు. క్రమంగా పట్టీలు కొన్ని తీశారు, కొందరిని వేరే కాలేజీలకు మారనిచ్చారు. 2019 జనవరిలో తేలిన ఫార్మింగ్టన్ ఇంకా ఘోరం. అధ్యాపకులు, తరగతులు లేని ఆ విశ్వవిద్యాలయాన్ని మిషిగన్‌లో వలస విభాగమే ఎరగా నెలకొల్పింది. దాదాపు 600 మంది చేరారు, అత్యధికులు భారతీయులు, వారిలో తెలుగువారే ఎక్కువ. భారత ప్రభుత్వం అమెరికా రాయబార కార్యాలయానికి నిరసన పత్రం ఇచ్చింది, హాట్‌లైన్ తెరిచింది. అమెరికా తెలుగు సంఘాలు వకీళ్ళను పెట్టాయి. సెనేటర్ ఎలిజబెత్ వారెన్ అది క్రూరమైన మోసమన్నారు. రెండు సందర్భాల్లోనూ పిల్లలను మర్యాదగా చూడమని మన ప్రభుత్వం అడిగింది. ఎదిగిన విద్యార్థుల కోసం ఓట్ల లెక్క వేసే పార్టీ అక్కడ లేదు.

అన్నిటికన్నా బాధాకరమైనది హెచ్-4 పిల్లల పరిస్థితి. హెచ్-1బి మీద వెళ్ళిన తల్లిదండ్రులతో పసితనంలోనే చేరి, అక్కడే చదివి పెరిగినా, 21 ఏళ్ళు నిండిన రోజున ఆ వీసా చెల్లదు. జనం మాటల్లో ఇదే ‘ఏజ్ అవుట్’. గ్రీన్‌కార్డుల్లో ఒక దేశానికి ఏడు శాతమన్న పరిమితి వల్ల తల్లిదండ్రుల వంతు దశాబ్దాలైనా రాదు. డాకాకు 2012 జూన్ 15 నాటికి చట్టబద్ధ హోదా లేకుండా ఉండాలన్న నిబంధన పెట్టారు కాబట్టి, నియమం తప్పని ఈ పిల్లలకు అది వర్తించలేదు. వీరు రెండు లక్షలకు పైగా ఉంటారని అంచనా. 2021లో డెబొరా రాస్ ప్రతినిధుల సభలో, అలెక్స్ పడీయా, రాండ్ పాల్ సెనేట్‌లో అమెరికాస్ చిల్డ్రన్ బిల్లు పెట్టారు. రెండు పార్టీల మద్దతూ ఉంది, 2023లో మళ్ళీ పెట్టారు, చట్టం మాత్రం కాలేదు.

అమెరికా పౌరసత్వ, వలస సేవల విభాగం 2023 ఫిబ్రవరిలో గ్రీన్‌కార్డు కోసం ఈ పిల్లల వయసు లెక్కించే పద్ధతిని సడలించింది. ముందుగా వచ్చే దరఖాస్తు తేదీని ఆధారం చేసుకోవడంతో కొందరు 21 లోపే నిలిచారు. ఆ సడలింపును 2025 ఆగస్టు 15 నుంచి అదే విభాగం వెనక్కు తీసుకుంది. డాకాకు సంబంధించి అయిదవ సర్క్యూట్ కోర్టు 2025 జనవరిలో ఇచ్చిన తీర్పు అప్పటికే ఉన్న లబ్ధిదారుల పొడిగింపులను కొనసాగనిచ్చింది. కొత్త దరఖాస్తులకు ఆమోదం 2021 జులైలోనే ఆగిపోయింది.