సంతకం ఎవరిది? ఫ్రీడ్‌మన్స్ బ్యాంకు నుంచి ఎవాన్‌స్టన్ దాకా

 ఎవరి పేరిట ఈ స్మారకోపన్యాసం జరుగుతోందో ఆ ఆచార్యులకు పొగడ్త గిట్టదు.  అంతకుమించి చెప్పను. ఆయన చివరిదాకా ఒప్పుకోని నా వాదననే మళ్లీ ఎత్తుకుంటాను. అమెరికాలో నల్లవారికీ తెల్లవారికీ మధ్య ఉన్న ఆస్తి అంతరాన్ని పూడ్చే నిధుల ప్రస్తావన రాగానే అందరూ ‘ఎంత’ అని అడుగుతారు. ‘మంజూరు కాగితం మీద సంతకం ఎవరిది’ అని అడిగేవారు అరుదు. నా తగవు అక్కడే. బానిసత్వం, 1865లో విముక్తులకు పంచిన భూముల్ని అదే ఏడు అధ్యక్షుడు ఆండ్రూ జాన్సన్ పాత యజమానులకు తిరిగి కట్టబెట్టడం, 1930లలో అప్పులకు పనికిరావంటూ నల్లవారి పేటల చుట్టూ గీసిన ఎర్ర గీతలు మీకు తెలిసినవే. 2022 ఫెడరల్ రిజర్వ్ సర్వేలో తెల్ల కుటుంబపు మధ్యగత ఆస్తి సుమారు 2,85,000 డాలర్లు. నల్ల కుటుంబానిది 45,000.

ఈ తగవుకు తొలి సాక్ష్యం ఒక బ్యాంకు. విముక్తులైన నల్లవారి పొదుపు కోసం 1865 మార్చిలో లింకన్ సంతకంతో పుట్టిన ఫ్రీడ్‌మన్స్ సేవింగ్స్ బ్యాంకు 1874లో మూతపడింది. 61,144 మంది ఖాతాదారుల డబ్బు, దాదాపు 30 లక్షల డాలర్లు, అందులో ఇరుక్కుపోయింది. అనుభవం లేనివారి పొదుపు అలాగే ముగుస్తుందని చాలాకాలం నీతి చెప్పారు. నడిపినవారిలో అనుభవం లేనివారెవరు? ప్రధానంగా ప్రభుత్వ సెక్యూరిటీల్లోనే మదుపు చేయాలన్న కట్టడిని 1870లో సడలించి, స్థిరాస్తి తనఖాలపై అప్పులకు దారి తీశారు. ఫైనాన్స్ కమిటీ పెద్ద హెన్రీ కుక్. అతని అన్న జే కుక్ సంస్థ 1873లో కుప్పకూలింది. ఇల్లు తగలబడ్డాక కాపలా పెట్టినట్టు, నల్లవారి నాయకుడు ఫ్రెడరిక్ డగ్లస్‌ను బ్యాంకు అధ్యక్షుణ్ణి చేసింది 1874 మార్చిలో. ఆయన తన సొంత డబ్బు 10,000 డాలర్లు బ్యాంకుకు సర్దారు. ఆ బ్యాంకు ఖాతా రిజిస్టర్లు నేటికీ ఉన్నాయి: పేరు, వయసు, మేనిఛాయ, కొన్నిటిలో పాత యజమాని పేరు, పనిచేసిన తోట, భార్యాపిల్లలు, చివర సంతకం లేదా ఇంటూ గుర్తు. డబ్బు వేసేవాడి గురించి ఇన్ని గళ్లు! ఆ డబ్బు ఎవరికి అప్పుగా పోతోందో అతను అడగడానికి ఒక్క గడీ లేదు.

నేటి చర్చకు వస్తే, విలియం డారిటీ, కర్స్టెన్ ములెన్‌లు 2020 పుస్తకంలో నల్లవారికి దేశం పడ్డ పరిహారపు బాకీ లక్షల కోట్ల డాలర్ల లెక్క అనీ, ఫెడరల్ ప్రభుత్వమే తీర్చాలనీ వాదించారు. లెక్క ఒప్పుకుంటాను. కానీ మొత్తం పెద్దదైతే చాలన్న ధీమా ఒప్పుకోను. ఇలినాయ్‌లోని ఎవాన్‌స్టన్ నగరం 2019లో గంజాయి పన్నుతో నిధి పెట్టింది. 2021లో అర్హులైన నల్ల కుటుంబాలకు ఇంటి కోసం 25,000 డాలర్ల దాకా ప్రకటించింది. మొదట ఆ డబ్బు కుటుంబం చేతికి రాలేదు. రుణదాతకో మరమ్మతు కాంట్రాక్టరుకో నేరుగా పోయేది. కౌన్సిల్‌లో వ్యతిరేకంగా పడ్డ ఒకే ఓటు సిసిలీ ఫ్లెమింగ్‌ది. ఆమె నల్ల మహిళ, పరిహారానికి విరోధి కాదు; డబ్బును ఎలా వాడాలో తీసుకునేవారికే వదలలేదన్నది ఆమె అభ్యంతరం. నగదుగా తీసుకునే వీలు 2023లో గాని రాలేదు. ఆమె వాదనకు దక్కాల్సినంత చోటు చర్చల్లో దక్కలేదని నా ఫిర్యాదు.

నల్లవారే నడిపిన బ్యాంకులూ అంతరాన్ని పూడ్చలేదు కదా అంటారు. నిజమే. చుట్టూ జాతి విభజన ఉన్నప్పుడు డబ్బు ఆ పేటలో నిలవదని మెహర్సా బారదారన్ 2017లో వివరంగా చూపారు. అందుకే నేను సంతకాన్ని మూలధనానికి బదులుగా పెట్టడం లేదు. బయటి డబ్బు రావాలి, దానితోపాటు బయటి పెత్తనం రాకూడదు అంటున్నాను. బాస్టన్ ఉజిమా ప్రాజెక్టు నడిపే సామూహిక పెట్టుబడి నిధిలో ఎంత పెట్టుబడి పెట్టినా ఓటు హక్కున్న సభ్యుడికి ఒకటే ఓటు. ఫ్రీడ్‌మన్స్ బ్యాంకు శాఖల్లోనూ స్థానిక నల్లవారితో సలహా సంఘాలుండేవి, కానీ వాషింగ్టన్‌లో ఇచ్చే పెద్ద అప్పుల్ని ఆపే అధికారం వాటికి లేదు. ఆ సంఘాలనూ ఈ ఓటునూ పక్కపక్కన పెట్టి చూడటమే ఇప్పుడు రాస్తున్న నా పుస్తకంలో ప్రధాన అధ్యాయం.